‘సార్‌ని పంపండి మేడమ్’

పాత కారుని షెడ్డుకి తీసుకెళ్ళిన ఆడవాళ్ళకి ఈ మాట కొత్తేం కాదు. కారు ఆమె పేరు మీదే ఉంటుంది. వాయిదాలు ఆమె జీతంలోంచే కట్టి ఉంటుంది. రేపు ఘాట్ రోడ్డు ఎక్కించబోయేదీ ఆమే. బ్రేకుల సంగతి మాత్రం సార్‌కే చెప్పాలట!

ఇది మగవాళ్ళ మీద ఫిర్యాదు మాత్రమే అయితే రాయనక్కర్లేదు. మనలోనే కొందరు “మెకానిక్ ఉండగా ఆ జిడ్డు మనకెందుకు?” అంటున్నారు. యంత్రాల మీద మోజు మగతనపు వ్యవహారమని సిద్ధాంతీకరించేవాళ్ళూ ఉన్నారు. నా పేచీ వీళ్ళతోనే.

1888 ఆగస్టులో బెర్తా బెంజ్ భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, మన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కి మూడు చక్రాల మోటారు బండి మీద 100 కిలోమీటర్ల పైచిలుకు వెళ్ళింది. పూడుకుపోయిన ఇంధనపు గొట్టాన్ని టోపీ పిన్నుతో శుభ్రం చేసింది. అరిగిన బ్రేకులకి చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. ఎత్తుల దగ్గర బండిని నెట్టాల్సి వచ్చింది గనక, తిరిగొచ్చి ఇంకో గేరు కావాలని చెప్పింది. బరువుతో కొండెక్కే బండికి ఏం కావాలో అంత ముందుగా గుర్తించింది ఒక స్త్రీ. అలాంటప్పుడు యంత్రం మగవాళ్ళ సొత్తు ఎలా అయింది?

మన దగ్గరికే వద్దాం. 2014లో తయారీ ఆగిపోయిన మారుతి 800 ఉందనుకోండి. ఇంజను 796 సీసీ, బండి బరువు సుమారు 650 కిలోలు. అరవయ్యేసి కిలోల మనుషులు నలుగురు, మరో 60 కిలోల సామాను కలిస్తే 300 కిలోలు. అంటే బండి తన బరువులో దాదాపు సగం మోస్తూ ఎస్.కోట దాటి అరకు ఘాట్ ఎక్కాలి. ఆ సామాను సర్దేదెవరు? పచ్చడి సీసా నుంచి పిల్లల మందుల దాకా మనమే. ఆ బరువు బ్రేకుల్ని ఏం చేస్తుందో మాత్రం మనకి అక్కర్లేదా?

తెలుసుకోవలసింది బ్రహ్మవిద్య కాదు. ఇంజను చల్లగా ఉన్నప్పుడే కూలెంట్ చూడాలి. హోస్ పైపులు ఉబ్బినా, ఫ్యాన్ బెల్టు పగుళ్ళిచ్చినా బయల్దేరేముందే మార్పించాలి. ఎత్తులో ఇంజను రొద పెరిగినా బండి లాగకపోతే క్లచ్ ప్లేటు అరిగినట్టే. నిండు బరువుకి టైర్లలో ఎంత గాలుండాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. బరువైన సంచులు పైన క్యారియర్ మీద కాదు, డిక్కీలో అడుగున, సీటుకి ఆనించి పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం బ్రేక్ ఆయిల్. అది గాల్లోని తేమని పీల్చుకుంటుంది. పాతబడ్డకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. దిగేటప్పుడు అదే పనిగా బ్రేకు తొక్కితే, మరిగి ఆవిరై, పెడల్ ఉత్తినే లోపలికి పోతుంది. రెండేళ్ళకోసారైనా మార్పించాలి.

ఇక ‘అనుభవజ్ఞుల’ సలహా ఒకటుంది: పెట్రోలు ఆదాకి న్యూట్రల్‌లో దించెయ్యమని. ఇంజను పట్టు వదిలేసి, బరువంతా బ్రేకుల మీద పడెయ్యడమే అది. ఇంజనే ఆపేస్తే బ్రేకులకి తోడుండే వాక్యూమ్ కూడా నాలుగు తొక్కుళ్ళతో అయిపోతుంది. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. ఈ ఒక్క ముక్క తెలీని ఆడవాళ్ళు, పక్కనున్నాయన ధీమాకి తమ ప్రాణాలూ పిల్లల ప్రాణాలూ అప్పగిస్తున్నారు.

జిడ్డు పని మెకానిక్ కుర్రాడిదే, కాదనను. వాడి కష్టాన్ని లాక్కోమనడం లేదు. ఏం పని చేశాడో అర్థం చేసుకుని, అడిగి, తగిన కూలి ఇమ్మంటున్నాను. మన శరీరం గురించి డాక్టరు భర్తకి చెబితే ఊరుకోమని ఇన్నేళ్ళుగా పోట్లాడుతున్నాం. మన ప్రాణాలు మోసే బండి విషయంలో ఎందుకు ఊరుకోవాలి? వంటింటి గురించి చాలా రాశాం. బానెట్ ఎత్తి చూసి, దాని గురించీ రాద్దాం.