ముందు కేబుల్ పట్టండి.. తర్వాతే కంప్రెసర్!

ఫిల్మ్‌నగర్‌లో సౌండ్ ఇంజినీర్ కావాలనుకుంటున్నారా? మంచిదే. కానీ ల్యాప్‌టాప్‌లో నాలుగు పాటలు మిక్స్ చేయగానే చాలామందికి ఒక కోరిక పుడుతుంది. ‘ప్లగిన్లతో ఆ ఫీల్ రావట్లేదు బ్రో, అసలైన హార్డ్‌వేర్ కొనాలి’ అని. ఇక ఎల్ఏ-2ఏ, 1176 లాంటి కంప్రెసర్ల ధరలు వెతకడం, ఈఎంఐ లెక్కలు వేయడం మొదలు. అప్పు చేసి పప్పుకూడు ఎందుకు? పెట్టె కొనేముందు, దాన్ని సాఫ్ట్‌వేర్‌తో కలపడం నేర్చుకోండి. స్టూడియోలో మీకు విలువ తెచ్చేది ఆ పనే.

అసలు జరిగేదేంటంటే.. ట్రాక్‌లోని శబ్దం ఇంటర్‌ఫేస్ ఔట్‌పుట్ నుంచి బయటికెళ్లి, పెట్టెలో దూరి, ఇన్‌పుట్ ద్వారా తిరిగొస్తుంది. పోయి రావడానికి టైం పడుతుంది కదా! 48,000 హెర్ట్జ్ సెషన్‌లో 240 శాంపిళ్లు ఆలస్యమైతే 5 మిల్లీసెకన్లు. ‘అంతేనా’ అనుకోవద్దు. అసలు గొంతునూ, ఆలస్యంగా వచ్చిన గొంతునూ సమానంగా కలిపి చూడండి. 100, 300, 500 హెర్ట్జ్.. ఇలా వరుసగా కొన్నిచోట్ల రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సింగర్ డబ్బాలోంచి పాడినట్టు వినిపిస్తుంది. తప్పు పెట్టెది కాదు, ఆలస్యాన్ని సరిచేయకపోవడమే.

దీనికి మందు సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. లాజిక్‌లో ఐ/ఓ ప్లగిన్, క్యూబేస్‌లో ఎక్స్‌టర్నల్ ఎఫ్ఎక్స్, రీపర్‌లో రీఇన్‌సర్ట్. ఇవి ఒక ‘పింగ్’ పంపి, అది ఎంతసేపటికి తిరిగొచ్చిందో కొలిచి ట్రాక్‌ను సర్దుతాయి. ప్రో టూల్స్‌లో అయితే ఆ అంకెను ఐ/ఓ సెటప్‌లో మనమే వేయాలి.

లెవెల్ సంగతీ అంతే. స్టూడియో పరికరాలు +4 డీబీయూ, ఇంట్లో వాడే చాలా పరికరాలు -10 డీబీవీ లెవెల్‌లో పనిచేస్తాయి. తేడా దాదాపు 12 డెసిబెల్స్. గిటార్ పెడల్‌కు లైన్ ఔట్‌పుట్‌ను నేరుగా ఇవ్వకుండా మధ్యలో రీయాంప్ బాక్స్ పెట్టాలి. శాంప్లింగ్, ఫేజ్, ఇంపీడెన్స్.. పరీక్ష ముందురోజు మనం బట్టీ పట్టిన ఈసీఈ పాఠాలే ఇవన్నీ! మార్కుల కోసం చదివింది ఇక్కడ చెవికి వినిపిస్తుంది.

మరి హార్డ్‌వేర్ వద్దా? వద్దని కాదు. గొంతు రికార్డయ్యేటప్పుడే మంచి ప్రీయాంప్, కంప్రెసర్ గుండా వస్తే ఆ అందమే వేరు. కానీ సినిమా పని వేరు. రీరికార్డింగ్ అయ్యాక కూడా డైరెక్టర్ సీన్ ట్రిమ్ చేయొచ్చు. అప్పుడు సెషన్ తెరిస్తే ప్లగిన్ సెట్టింగులు ఉన్నవి ఉన్నట్టే వస్తాయి. పెట్టె మీది నాబ్‌లు రావు. అందుకే పెట్టెలోంచి వచ్చిన శబ్దాన్ని వేరే ట్రాక్‌లో రికార్డ్ చేసుకుని, అసలు ట్రాక్‌నూ దాచుకోవాలి. నాబ్‌లను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవాలి.

సాధన చేయడానికి లక్షలు అక్కర్లేదు. నాలుగు ఔట్‌పుట్లు, నాలుగు ఇన్‌పుట్లు ఉన్న ఇంటర్‌ఫేస్, ఒక్క కేబుల్ చాలు. ముందు స్పీకర్లు మ్యూట్ చేసి, ఇన్‌పుట్ మానిటరింగ్ ఆపండి. లేదంటే ఫీడ్‌బ్యాక్‌తో కూత పెడుతుంది. మూడో ఔట్‌పుట్‌ను మూడో ఇన్‌పుట్‌కు కలపండి. ఒక ట్రాక్‌ను అటు పంపి, ఇటు రికార్డ్ చేయండి. రెండింటి లెవెల్ సమానం చేసి, కొత్తదాని పోలారిటీ తిప్పి, మ్యూట్ తీసి కలిపి వినండి. దాదాపు నిశ్శబ్దమైతే మీరు పాసైనట్టే. శబ్దం బాగా మిగిలితే ఆలస్యం దగ్గరో, లెవెల్ దగ్గరో లెక్క తప్పినట్టు.

రేపు రామానాయుడు స్టూడియోస్ చుట్టుపక్కల ఏ రికార్డింగ్ థియేటర్‌లోనో అసిస్టెంట్‌గా చేరారనుకోండి. మీ ఇంట్లో ఏ బ్రాండు పెట్టె ఉందన్నది అక్కడ అక్కరకు రాదు. బూత్‌లో సింగర్ ఎదురుచూస్తుంటే, సిగ్నల్ ఎక్కడ ఆగిందో రెండు నిమిషాల్లో పట్టుకోవడమే మిమ్మల్ని నిలబెడుతుంది. ఈ ఆదివారం ఆ ఒక్క కేబుల్‌తో మొదలుపెట్టండి!