లక్కపిడతలు అద్దాల బీరువాకేనా?

ఏటికొప్పాక లక్కబొమ్మ లేని ఇల్లు మన అనకాపల్లి ప్రాంతంలో అరుదు. ఆ బొమ్మ పిల్లల చేతుల్లో నలుగుతున్న ఇల్లు అంతకన్నా అరుదు. పెళ్ళికి వెళ్ళినా, గృహప్రవేశానికి వెళ్ళినా లక్కపిడతల పెట్టె బహుమతిగా ఇస్తాం. పుచ్చుకున్నవారు దాన్ని అద్దాల బీరువాలో సర్ది తాళం వేస్తారు. నాలుగేళ్ళ మనవరాలు అద్దానికి ముక్కు ఆనించి చూస్తుంటే "ముట్టుకోకమ్మా, పాడైపోతాయి" అని గదమాయించి, ఏడుపు మాన్పడానికి సెల్‌ఫోను చేతిలో పెడుతున్నారు. ఇది విచారించదగ్గ విషయం.

లక్కపిడతలు పుట్టింది ఆటకోసం. పొయ్యి, తిరగలి, రోలు, రోకలి, చెంబు, గిన్నె, గరిటె - అన్నీ వేలెడేసి. వాటితో బువ్వాలాట ఆడితే ఇసుక అన్నమయ్యేది, మునగాకు కూరయ్యేది, ఇటుకపొడి కారమయ్యేది. పొరుగింటి పిల్లవాడు చుట్టపుచూపుగా వచ్చి, లేని అన్నం తిని, "కారం ఎక్కువైందండీ" అని మొహం చిట్లించాలి. వండిన పిల్ల నొచ్చుకోవాలి. ఇంత నాటకం ఎవరూ నేర్పకుండానే నడిచిపోయేది. మధ్యాహ్నానికి ఆ గిన్నెలే రేషను షాపు కొలతలు, సాయంత్రానికి ఆస్పత్రిలో మందు సీసాలు. ఇది ఆడపిల్లల ఆట అనడం పెద్దల మాటే. మగపిల్లలకు ఆ సంకోచం మనం నేర్పితేనే వస్తుంది.

ఇప్పుడు అంగడిలో దొరికే బ్యాటరీ బొమ్మ సంగతి చూడండి. మీట నొక్కితే అదే పాడుతుంది, అదే గెంతుతుంది, అదే దీపాలు వెలిగిస్తుంది. ఆడేది బొమ్మ, చూసేది పిల్లవాడు. రెండోరోజుకు విసుగు పుడుతుంది. ఖాళీ అగ్గిపెట్టెకు ఈ హంగులేమీ లేవు. అది రైలు పెట్టె కావాలంటే పిల్లవాడే కూత వెయ్యాలి, టిక్కెట్లు చింపాలి, తుని స్టేషను వచ్చిందని కేకెయ్యాలి. రష్యన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు వైగోట్‌స్కీ 1933లో ఆట గురించి చేసిన ఉపన్యాసంలో, కర్రను గుర్రం చేసుకుని స్వారీ చేసే పిల్లవాణ్ణే ఉదాహరణగా తీసుకున్నాడు. అది కర్ర అని వాడికి తెలుసు. అయినా గుర్రమనే భావాన్ని దానిమీద నిలుపుకుంటాడు. కంటికి కనిపించే వస్తువునుంచి అర్థాన్ని విడదీయడం పసివాడికి అలా అలవడుతుందని ఆయన వాదన. "క" అనే గీతల్లో ఒక శబ్దాన్ని చూడటం కూడా అటువంటి పనే కదా! మూడేళ్ళు నిండకుండానే కాన్వెంటులో వేసి, "ఆటల్లో పడితే చదువెప్పుడు?" అని బెంగపడే తల్లిదండ్రులు దీన్ని గమనించాలి.

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియదని కాదు. 3 నుంచి 8 ఏళ్ళ పిల్లలకు ఆట ద్వారా చదువు చెప్పాలని కేంద్ర విద్యాశాఖ 2023 ఫిబ్రవరిలో "జాదుయీ పిటారా" పేరిట బొమ్మలు, కథల కార్డులు ఉన్న పెట్టెను విడుదల చేసింది. పెట్టె ఇవ్వడంతో పని తీరదు. విరిగిన బొమ్మకు ఎవరు జవాబు చెప్పుకోవాలన్న భయం ఉన్నచోట ఏ పెట్టె అయినా బీరువాలోనే ఉండిపోతుంది. అందుకు అంగన్‌వాడీ కార్యకర్తను తప్పుపట్టి లాభం లేదు.

దూరంనుంచి తెప్పించే పని కూడా లేదు. వరాహ నది ఒడ్డున, యలమంచిలి మండలంలో ఏటికొప్పాక ఉంది. మెత్తని అంకుడు కర్రను తరిణె పట్టి, అది తిరుగుతుండగా లక్కబిళ్ళను ఆనిస్తే, ఆ వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. కోసుకునే అంచులుండవు. పసుపు, నీలి, జాఫ్రా గింజల వంటి సహజమైన రంగులు వాడుతున్నదీ లేనిదీ కొనేటప్పుడు అడిగి తెలుసుకోవాలి. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. సహజ రంగుల కోసం పాటుపడిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు బి.ఐ.ఎస్. ముద్ర తప్పనిసరి చేసినా, రిజిస్టరైన హస్తకళాకారులకు ఆ నిబంధననుంచి మినహాయింపు ఉంది. కనుక నిబంధనలు అడ్డొస్తాయన్న మాట చెల్లదు.

ఒక్క జాగ్రత్త. మూడేళ్ళలోపు పిల్లలు ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటారు. చింతపిక్కలు, గవ్వలు, మరీ చిన్న పిడతలు వారికి అందనివ్వరాదు. వారికి పెద్ద గిన్నె, కొబ్బరిచిప్ప, గుడ్డ బొమ్మ చాలు. మూడు దాటిన పిల్లలకు ఈ సంక్రాంతి బొమ్మల కొలువు ఎత్తిన మర్నాడే ఇంట్లోని పిడతలను వదిలేయవచ్చు. ఆట ఎలా ఆడాలో మాత్రం దయచేసి చెప్పకండి. పిలిస్తే వెళ్ళి ఇసుక అన్నం తిని రండి.

జిల్లా స్త్రీ శిశు సంక్షేమ శాఖ అధికారులు అంగన్‌వాడీ కేంద్రానికి ఒక లక్కపిడతల పెట్టె చొప్పున ఏటికొప్పాక కళాకారులనుంచే నేరుగా కొనాలి. వాటితోపాటు రూపమేదీ లేని ఉత్త చెక్క దిమ్మలు, చక్రాలు, గుండ్లు కూడా చేయించాలి. విరిగినవి రాసుకోవడానికి స్టాకు రిజిస్టరులో ఒక గడి పెట్టాలి. ఆ గడి నిండిన కేంద్రానికి సంజాయిషీ నోటీసు బదులు మరో పెట్టె పంపాలి.