పెచ్చులూడే కప్పు కింద కిరాయి బతుకు

ఇబ్రహీంపట్నంలో ఏ గల్లీలోకి వెళ్లినా ఏదో ఒక గేటుకు టులెట్ బోర్డు వేలాడుతూ ఉంటుంది. శేరిగూడ, మంగళ్‌పల్లి, ఖానాపూర్ వైపు ఇంజనీరింగ్ కాలేజీలు వచ్చాయి. ఆదిబట్లలో టీసీఎస్ క్యాంపస్ వచ్చింది, విమాన విడిభాగాల కంపెనీలు వచ్చాయి. సాగర్ రోడ్డుకు అటూ ఇటూ ఉన్న కుటుంబాలకు ఇంటి కిరాయి ఒక ఆదాయమైంది. విద్యార్థులు, కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్లు, తాపీ కూలీలు, ఆఫీసుల్లో చిరుద్యోగులు ఈ ఇళ్లలో ఉంటున్నారు. కొత్త అపార్ట్‌మెంట్ల సంగతి వేరు. పాతికేళ్ల కిందట, ముప్పై ఏళ్ల కిందట కట్టిన స్లాబు ఇళ్లలో, కిరాయి కాస్త తక్కువని చేరినవాళ్ల గోడు గురించి రాస్తున్నాను.

స్లాబు ఒక్కరోజులో పాడవదు. మొదటి వానాకాలం కప్పు మీద చెమ్మ మచ్చ కనిపిస్తుంది. మరుసటేడు ఆ మచ్చ దగ్గర సున్నం ఉబ్బి రాలుతుంది. కాంక్రీటులోకి దిగిన నీళ్లకు లోపలి ఊచలు తుప్పు పడతాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, తనను కప్పి ఉన్న కాంక్రీటునే పగలగొడుతుంది. అప్పుడు పెచ్చులు ఊడిపడతాయి. ఆ ఇంట్లో మంచాన్ని గోడ వారకు జరిపి పెట్టుకుంటారు. స్విచ్చు బోర్డుకు పాలిథిన్ కవరు చుట్టి దారం కడతారు. రాత్రి వాన మొదలైతే పిల్లల్ని లేపి పక్క గదిలోకి తీసుకెళ్తారు. ‘అన్నా, స్లాబు కారుతున్నది’ అని ఓనరుకు చెబితే ‘వానలు పోనీ తమ్మీ, చూద్దాం’ అంటాడు. వానలు పోయినంక మళ్లీ అడిగితే ‘ఇష్టముంటే ఉండుండ్రి, లేకుంటే ఖాళీ చేయుండ్రి’ అంటాడు. అడ్వాన్సు ఆయన దగ్గరే ఉంటుంది. పిల్లల బడి దగ్గర్లో ఉంటుంది. కిరాయిదారు నోరు మూసుకుంటాడు.

ఇలాంటప్పుడు చట్టం ఏం చెబుతుందని చూస్తే, మన రాష్ట్రంలో కిరాయిదారుకు చట్టం లేదనే అనుకోవాలి. కాగితం మీద మాత్రం ఉంది. 1960లో ఉమ్మడి రాష్ట్రం చేసిన భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయింపు నియంత్రణ చట్టమే తెలంగాణలో నేటికీ నడుస్తోంది. సరైన కారణం లేకుండా ఓనరు నీళ్లు, కరెంటు లాంటి సౌకర్యాలు ఆపేయకూడదని ఆ చట్టంలోని 14వ సెక్షన్ చెబుతుంది. ఖాళీ చేస్తే తప్ప మరమ్మతు కుదరదని ఓనరు అడిగితే, పని పూర్తయ్యాక ఇంటిని పాత కిరాయిదారుకే ఇస్తానని హామీ రాసివ్వాలని 12వ సెక్షన్ అంటుంది. రెండూ మంచి రక్షణలే. కానీ అవి ఎవరికి వర్తిస్తాయన్న దగ్గరే అసలు సంగతి బయటపడుతుంది.

1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన ఇళ్లకు ఈ చట్టం వర్తించదని మొదట్లో 32వ సెక్షన్‌లో రాశారు. పాత ఇంటి కిరాయిదారుకు ఒక న్యాయం, కొత్త ఇంటి కిరాయిదారుకు మరో న్యాయం ఏమిటని సుప్రీంకోర్టు 1983లో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో ఆ నిబంధనను కొట్టేసింది. తీర్పు వచ్చిన కొద్ది వారాలకే, డిసెంబరులో, ప్రభుత్వం జీవో 636 తెచ్చింది. కట్టి పదేళ్లు కాని ఇళ్లను, నెలకు వెయ్యి రూపాయలు మించిన కిరాయి ఇళ్లను మళ్లీ చట్టం బయటికి నెట్టింది. 2005 సవరణతో ఆ మినహాయింపు చట్టంలోకే ఎక్కింది. కట్టి పదిహేనేళ్లు నిండని ఇల్లు బయట. కార్పొరేషన్లలో నెలకు 3,500, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన కిరాయి ఇల్లు కూడా బయటే. ఇబ్రహీంపట్నం మున్సిపాలిటీ. ఇక్కడ ఇవాళ రెండు వేలకు ఒక కుటుంబం ఉండదగ్గ ఇల్లు ఎక్కడ దొరుకుతుంది? ఒంటి గది దొరకడమే కష్టం. ఏళ్లు గడిచి ధరలన్నీ పెరిగాయి, ఆ అంకె మాత్రం కదల్లేదు. చట్టాన్ని ఎవరూ రద్దు చేయలేదు, అయినా కిరాయిదారుల్లో చాలామంది దాని నీడ నుంచి బయటపడ్డారు. ఇది పొరపాటున మిగిలిన లోపమని నేను అనుకోను. ఇరవై ఏళ్లుగా ఏ ప్రభుత్వమూ పట్టించుకోకపోవడం నిర్లక్ష్యమే.

అద్దె చట్టం వర్తించకపోతే మిగిలేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అందులో 108వ సెక్షన్ ఎఫ్ క్లాజు మంచి మాటే చెబుతుంది. ఓనరు చేయించాల్సిన మరమ్మతును నోటీసు ఇచ్చాక తగిన గడువులో చేయించకపోతే, కిరాయిదారే చేయించుకుని ఖర్చును వడ్డీతో సహా కిరాయిలో మినహాయించుకోవచ్చు. ఇ క్లాజు ప్రకారం అగ్నిప్రమాదంలోనో, తుఫానుకో, వరదకో ఇంట్లో ప్రధాన భాగం పనికిరాకుండా పోతే లీజు రద్దు చేసుకునే హక్కు కిరాయిదారుది. చిక్కంతా ‘ఓనరు చేయించాల్సిన’ అన్న మాట దగ్గరే ఉంది. ఏది చేయించాలో ఆ సెక్షన్ చెప్పదు, ఒప్పందానికి వదిలేసింది. మన ఒప్పందం ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. రిజిస్ట్రేషన్ బాధ తప్పుతుందని పదకొండు నెలలకే రాస్తారు. స్టాంపు పేపరు మీద కిరాయి ఎంత, అడ్వాన్సు ఎంత, కరెంటు బిల్లు ఎవరిది, ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు ఎంత కోస్తారు అన్నవి ఉంటాయి. స్లాబు ఎవరిది అన్న లైను ఉండదు. ఒకవేళ ఉంటే ‘మరమ్మతులన్నీ కిరాయిదారుడే చేయించుకోవాలి’ అని ఉంటుంది. సంతకం పెట్టేవాడికి బేరమాడే బలం ఎక్కడిది?

ఈ లోటు తీర్చడానికి కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించి రాష్ట్రాలకు పంపింది. అందులో మరమ్మతులను రెండు జాబితాలుగా విడగొట్టారు. గోడలు, కప్పు లాంటి నిర్మాణ మరమ్మతులు, పైపుల మార్పిడి, ఇంటి వైరింగ్, సున్నం, తలుపులకు రంగు ఓనరు చేయించాలి. కుళాయి వాషరు, స్విచ్చులు, డ్రైనేజీ శుభ్రం, పగిలిన అద్దం, తాళాలు కిరాయిదారు చూసుకోవాలి. ఓనరు కాదంటే కిరాయిదారు చేయించుకుని, నెల కిరాయిలో సగానికి మించకుండా మినహాయించుకోవచ్చు. ఇల్లు ఉండటానికి పనికిరాని స్థితికి చేరి, రాతపూర్వకంగా అడిగినా చేయించకపోతే పదిహేను రోజుల నోటీసుతో వెళ్లిపోవచ్చు. ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలలు మించకూడదు. తగాదా తీర్చడానికి డిప్యూటీ కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి ఉండాలి. ఆంధ్రప్రదేశ్ 2017లోనే సొంతంగా కొత్త చట్టం చేసుకుంది. తమిళనాడు, ఉత్తరప్రదేశ్, అస్సాం కూడా తమ చట్టాలను మార్చుకున్నాయి. తెలంగాణ ఇంకా 1960 దగ్గరే ఆగింది.

అలాగని నమూనాను ఉన్నదున్నట్టు తెచ్చుకున్నా సరిపోదు. ఏడు వేల కిరాయి ఇంట్లో స్లాబు బాగుచేయడానికి నలభై వేలు అయిందనుకోండి. నెలకు మూడున్నర వేల చొప్పున మినహాయించుకుంటే ఆ డబ్బు తిరిగి రావడానికి దాదాపు ఏడాది పడుతుంది. ఒప్పందం పదకొండు నెలలదే. లెక్క తీరకముందే ఖాళీ చేయమంటారు. కాబట్టి ఈ మినహాయింపు పైపులకు, వైర్లకు సరిపోతుంది కానీ కప్పుకు సరిపోదు. ఇంకో లోపం ఇంతకంటే పెద్దది. మరమ్మతు కోసం ఖాళీ చేసిన కిరాయిదారు తిరిగి రావాలంటే, ఓనరు ఒప్పుకుంటేనే అంటుంది నమూనా చట్టం. అరవై ఏళ్ల కిందటి మన 12వ సెక్షనే ఈ విషయంలో మెరుగు. కొత్త చట్టం తెచ్చేటప్పుడు దాన్ని పారేయకూడదు. ప్రాణాపాయం ఉందని ఇంజనీరు చెప్పిన నాటి నుంచి పని పూర్తయ్యేదాకా కిరాయి తగ్గాలి. ఫిర్యాదు చేశాడన్న కోపంతో ఖాళీ చేయించకుండా కొంతకాలం రక్షణ ఉండాలి.

ఓనర్ల వైపు నుంచి వచ్చే అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోలేను. ఇక్కడి ఓనర్లలో చాలామంది రిటైరైన ఉద్యోగులు, ఒక వాటా కిరాయితో మందులు కొనుక్కునేవాళ్లు. చేతిలో లేని నలభై వేలు ఒక్కసారిగా ఎక్కడి నుంచి తెస్తారన్నది నిజమైన ప్రశ్నే. వాళ్లకు బ్యాంకులు తక్కువ వడ్డీకి మరమ్మతు రుణాలివ్వాలి, పని జరిగిన ఏడాది ఇంటి పన్నులో మున్సిపాలిటీ రాయితీ ఇవ్వాలి. కానీ పన్ను కట్టే స్థాయి ఓనర్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి. మున్సిపల్ పన్ను పోగా మిగిలిన కిరాయి ఆదాయంలో 30 శాతాన్ని ఆదాయపన్ను చట్టం మినహాయిస్తుంది. మరమ్మతుల్లాంటి ఖర్చులకే ఆ మినహాయింపు. చేయించారా లేదా అని ఎవరూ బిల్లు అడగరు. ఖర్చు పేరుతో వచ్చే లాభం ఓనరుకు, కారే కప్పు కిరాయిదారుకు అంటే న్యాయం కాదు.

ఇంగ్లండ్‌లో కిరాయికి ఉంటున్న మన తెలుగువాళ్లను అడిగితే చెబుతారు. అక్కడ 1985 నాటి చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం కప్పు, గోడలు, పైపుల బాధ్యత ఓనరుదే, ఒప్పందంలో వేరుగా రాసుకున్నా చెల్లదు. రాచ్‌డేల్‌లో బూజు పట్టిన ఫ్లాట్‌లో ఉండి 2020లో చనిపోయిన రెండేళ్ల అవాబ్ పేరుతో మరో చట్టం వచ్చింది. 2025 అక్టోబరు నుంచి సోషల్ హౌసింగ్ ఇళ్లలో ప్రాణాపాయం ఉన్న లోపాన్ని 24 గంటల్లో సరిచేయాలి. మన దగ్గర 2013లో సికింద్రాబాద్‌లో సిటీ లైట్ హోటల్ భవనం కూలి పదిమందికి పైగా పోయారు. ఆ తర్వాత శిథిల భవనాల మీద నోటీసులు అంటించే పని పెరిగింది. నోటీసు ఇంటికి అంటిస్తారు, లోపల కిరాయికున్న కుటుంబం ఎక్కడికి పోవాలో అందులో ఉండదు.

కొత్త చట్టం వచ్చేలోపు కిరాయిదారులు కొన్ని పనులు చేయవచ్చు. ఒప్పందం రాసేటప్పుడే ‘కప్పు, గోడలు, వైరింగ్ మరమ్మతు ఓనరు బాధ్యత’ అన్న ఒక్క లైను రాయించుకోండి. అదొక్కటి ఉంటే 108వ సెక్షన్‌కు ప్రాణం వస్తుంది. లోపం కనిపించగానే తేదీతో ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపండి, రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. కోపంతో కిరాయి ఆపకండి. అది ఓనరు చేతికి ఆయుధమవుతుంది. మాట తెగకపోతే న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసహాయం ఉచితం. కోర్టుకెక్కకముందే లోక్ అదాలత్‌లో రాజీ కుదుర్చుకునే వీలూ ఉంది.

శాసనసభ చేయాల్సిన మొదటి పనికి కమిటీలు అక్కర్లేదు. 32వ సెక్షన్‌లోని రెండు వేలు, మూడున్నర వేల పరిమితులను తొలగిస్తూ చిన్న సవరణ చాలు. సమగ్ర చట్టం తర్వాత తేవచ్చు, అందులో మరమ్మతు ఫిర్యాదును తేల్చే అధికారం ఆర్డీవోకు ఇవ్వవచ్చు. ఇబ్రహీంపట్నంలో ఆర్డీవో ఆఫీసు ఎలాగూ ఉంది. ఆ ఆఫీసుకు ఫిర్యాదు పట్టుకెళ్లే హక్కును వచ్చే వానాకాలం లోపే కిరాయిదారుకు ఇవ్వాలి.