సమితుల లెక్కలు – భాషాజ్ఞానం

తెలుగు బోధించేవారికి గణితంతో పని ఏమిటని ఈ శీర్షిక చూచిన విద్యార్థులు అనుకోవచ్చు. పని ఉన్నదనే మా అభిప్రాయం. ఐసెట్ వంటి ప్రవేశ పరీక్షలకు, బ్యాంకు ఉద్యోగ పరీక్షలకు సిద్ధమవుతున్న మన విద్యార్థినీ విద్యార్థులు సాయంకాలం వేళ ప్రశ్నపత్రాలు పట్టుకొని మా వద్దకు వస్తుంటారు. "లెక్క మేమే చేసుకుంటాం సార్, ఈ వాక్యానికి అర్థం చెప్పండి చాలు" అంటారు. అట్లా వచ్చే ప్రశ్నలలో తరచుగా కనిపించేవి, ఒకదానితో ఒకటి కొంత కలిసి ఉండే సమితులకు సంబంధించిన లెక్కలు. వాటిని వారితో కూర్చొని చూడగా చూడగా మాకు తోచినది ఒక్కటే. ఈ లెక్కలలో మన పిల్లలు పొరబడుతున్నది కూడికలో కాదు, తీసివేతలో కాదు, చదవడంలో.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక వసతి గృహంలో 100 మంది విద్యార్థులున్నారు. వారిలో 62 మంది తెలుగు పత్రిక చదువుతారు. 45 మంది ఉర్దూ పత్రిక చదువుతారు. 13 మంది ఏ పత్రికా చదవరు. రెండు పత్రికలూ చదివేవారు ఎందరు?

ఏ పత్రికా చదవని 13 మందిని పక్కన పెడితే చదివేవారు 87 మంది. కాని 62ను, 45ను కూడితే 107 వస్తున్నది. ఎక్కువైన 20 ఎక్కడినుండి వచ్చింది? కొత్త మనుషులెవ్వరూ రాలేదు. రెండు పత్రికలూ చదివే 20 మంది తెలుగు పట్టికలో ఒకసారి, ఉర్దూ పట్టికలో ఒకసారి, మొత్తం రెండుసార్లు లెక్కకు వచ్చారు. సమ్మేళన సూత్రమని మనం కంఠస్థం చేసేదంతా ఈ ఒక్క మాటే: రెండుసార్లు లెక్కించినవారిని ఒకసారి తీసివేయాలి. ఇది తెలిసినవాడు సూత్రం మరచినా లెక్క చేయగలడు. ఇది తెలియనివాడు సూత్రం జ్ఞాపకం ఉన్నా ప్రశ్న ఒక్క మాట మారగానే తడబడతాడు.

ఆ మారే మాటలు ఏవి? మొదటిది "మాత్రమే". ఉర్దూలో "సిర్ఫ్". తెలుగు పత్రిక చదివేవారు 62 మంది. తెలుగు పత్రిక మాత్రమే చదివేవారు 42 మంది. ఈ రెండు సంఖ్యలూ ఇచ్చిన నాలుగు జవాబులలో ఉంటాయి. ప్రశ్న కూర్చినవారు విద్యార్థి ఆ ఒక్క మాటను దాటిపోతాడా, ఆగి చూస్తాడా అన్నదే పరీక్షిస్తున్నారు.

రెండవది "గాని". "టీ తాగుతారా, కాఫీ తాగుతారా?" అని ఇంటికి వచ్చినవారిని అడిగితే ఏదో ఒకటి కోరుకొమ్మని అర్థం. గణితంలో అట్లా కాదు. తెలుగు గాని ఉర్దూ గాని చదివేవారు అన్నప్పుడు రెండూ చదివేవారు కూడా అందులోనివారే. కనుక జవాబు 87. లోకవ్యవహారంలోని అర్థాన్ని పరీక్షలోనికి తీసుకువెళ్లిన విద్యార్థి 67 అని గుర్తిస్తాడు. వాడు లెక్కలో మందుడు కాడు. మాటను ఇంట్లో వాడినట్లే అక్కడా వాడాడు, అంతే.

మూడవది నిషేధం. ఇక్కడ మన భాషకే ఒక చిక్కు ఉన్నది. "రెండు పత్రికలూ చదవనివారు" అని తెలుగులో అంటే ఏ ఒక్కటీ చదవనివారని అర్థం కావచ్చు. రెండింటినీ కలిపి చదవనివారని కూడా కావచ్చు. మొదటి అర్థంలో జవాబు 13, రెండవ అర్థంలో 80. ఉర్దూలో "దోనోఁ నహీఁ పఢ్‌తే" అన్నా ఇదే సందిగ్ధం. ఆంగ్లంలో ఈ రెండు అర్థాలకు వేరువేరు వాక్యాలున్నవి. మన విద్యార్థి ఆ రెంటినీ మనసులో ఒకే తెలుగు వాక్యంగానో, ఒకే ఉర్దూ వాక్యంగానో మార్చుకుంటాడు. పొరపాటు అక్కడే మొదలవుతున్నది. ఈ భేదాన్ని తేటపరచే న్యాయాలకు పేరు నిచ్చిన ఆగస్టస్ డి మోర్గాన్ 1806లో మన దక్షిణదేశంలోని మదురైలో జన్మించాడు. పాఠ్యపుస్తకంలో డి మోర్గాన్ న్యాయాలను గుర్తులతో వల్లించే విద్యార్థులకు అవి ఈ రెండు వాక్యాల తగవును తీర్చేవని ఎవరైనా చెప్పారా?

నాలుగవది "కనీసం". కనీసం ఒక పత్రిక చదివేవారు ఎందరంటే 87. ఇక్కడ ఆ మాట పత్రికల సంఖ్యకు అంటుకొని ఉన్నది. మరొక ప్రశ్న చూడండి. ఒక తరగతిలో 70 శాతం ఆంగ్లంలోను, 65 శాతం గణితంలోను ఉత్తీర్ణులైతే రెండింటిలోను ఉత్తీర్ణులైనవారు కనీసం ఎంత శాతం? ఇక్కడ అదే మాట మనుషుల సంఖ్యకు అంటుకొన్నది. 70, 65 కలిపితే 135. నూటికి మించిన 35 తప్పనిసరిగా రెండింటిలోను ఉండవలసినవారు. కనుక కనీసం 35, గరిష్ఠం 65. మాట ఒక్కటే, అది దేనిని పట్టుకొని ఉన్నదో చూడకపోతే లెక్క వేరైపోతుంది. వ్యాకరణం తరగతిలో విశేషణం ఏ విశేష్యానికి చెందినదని మేము అడిగినప్పుడు, దీనితో బ్రతుకుతెరువు దొరుకుతుందా అని నవ్వుకొనేవారికి ఇదే మా సమాధానం.

సమితులు మూడైనప్పుడు చిక్కు ఇంకా పెరుగుతుంది. ఒక గ్రంథాలయంలో 80 మంది సభ్యులున్నారనుకుందాం. తెలుగు పుస్తకాలు తీసుకొనేవారు 40, ఉర్దూ 35, ఆంగ్లం 38. తెలుగు, ఉర్దూ రెండూ తీసుకొనేవారు 15; తెలుగు, ఆంగ్లం 14; ఉర్దూ, ఆంగ్లం 13. మూడూ తీసుకొనేవారు 6. మొదటి మూడు సంఖ్యల మొత్తం 113. అందులోనుండి 15, 14, 13ల మొత్తమైన 42 తీసివేస్తే 71. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మూడు భాషలూ చదివే ఆ ఆరుగురి సంగతి ఏమైనది? వారిని మూడుసార్లు లెక్కించాం, మూడుసార్లు తీసివేశాం. అందరికంటె ఎక్కువ చదివేవారే లెక్కలో లేకుండా పోయారు! అందుకే వారిని తిరిగి పిలిచి 6 కలపాలి. 77 వస్తుంది, ఏ పుస్తకమూ తీసుకోనివారు 3. సరిగ్గా రెండు భాషలే చదివేవారు 42 కారు. ఒక్కొక్క జంటలోనుండి ఆ ఆరుగురిని తీసివేయగా మిగిలిన 9, 8, 7 కలిసి 24 మంది.

ఇందుకు బొమ్మ గీయడం ఉత్తమ మార్గం. జాన్ వెన్ 1880లో ప్రకటించిన వలయ చిత్రాలు నేటికీ మనకు దారి చూపుతున్నవి. ముందు నడిమి గడిని నింపి, అక్కడినుండి బయటకు రావాలి. సమితులు రెండే అయితే నాలుగు గడుల పట్టిక చాలు. మన వసతి గృహం లెక్కలో అడ్డంగా తెలుగు చదివేవారు, చదవనివారు. నిలువుగా ఉర్దూ చదివేవారు, చదవనివారు. గడులలో 20, 42, 25, 13. ఒకసారి నింపితే ప్రశ్న ఏ విధంగా అడిగినా జవాబు కంటి ముందే ఉంటుంది.

"ఐసెట్‌లో 150 నిమిషాలలో 200 ప్రశ్నలు. ఒక్కొక్క దానికి 45 సెకండ్లు. బొమ్మలు గీస్తూ కూర్చుంటే ఎట్లా సార్?" అని విద్యార్థులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బాగా అభ్యాసమైనవారికి సూత్రమే వేగవంతమైనదని మేమూ ఒప్పుకుంటాం. అయితే అభ్యాసకాలం వేరు, పరీక్షాకాలం వేరు. ఇంటివద్ద వంద లెక్కలు బొమ్మతో చేసినవానికి పరీక్షలో బొమ్మ మనసులోనే కనబడుతుంది. అడ్డదారుల పుస్తకాలు కొని సూత్రాలు వల్లించినవాడు ఆ 45 సెకండ్లలో అర్థం కాని ప్రశ్నకు ఏ సూత్రం అతుకుతుందా అని వెదకుతూ ఉంటాడు. నిజానికి కాలం పోయేది అక్కడ.

మరి మన పిల్లలు ఈ పరీక్షలలో వెనుకబడితే గణితం రాదని పేరు పెట్టడం ఎంతవరకు న్యాయం? ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఆంగ్లం. ఈ మూడింటి నడుమ తిరిగే విద్యార్థికి ఇది బరువు అని కొందరంటారు. మేము అట్లా అనుకోము. ఒక వాక్యాన్ని మూడు భాషలలో తూచి చూడగలవానికి సందిగ్ధం ఇతరులకంటె ముందే పట్టుబడాలి. అట్లా తూచడం మనం నేర్పలేదు. లోపం అక్కడ ఉన్నది.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి చిన్నది. వారానికి ఒక గంట గణిత అధ్యాపకులు, తెలుగు, ఉర్దూ అధ్యాపకులు ఒకే తరగతిలో కలిసి కూర్చొనే ఏర్పాటు చేయండి. ఆ గంటలో లెక్క చేయించవద్దు, ప్రశ్న చదివించండి. మాత్రమే, గాని, కనీసం, గరిష్ఠం, సరిగ్గా, ఏదీ కాదు వంటి ఓ ఇరవై మాటలను మూడు భాషలలో ఒక కాగితం మీద అచ్చువేయించి ప్రతి విద్యార్థికీ ఇవ్వండి. దీనికి కొత్త భవనం అక్కరలేదు, పెద్ద నిధులు అక్కరలేదు.

ఒక్క మాట చనువుగా చెప్పి ముగిస్తాం. ఉర్దూ సంఘంలో సభ్యులు ఇంతమంది, తెలుగు సంఘంలో ఇంతమంది అని వార్షిక నివేదికలో రెండింటినీ కూడి మొత్తం వేసే ముందు, రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటిలోను పేరున్న విద్యార్థులు అక్కడ కనిపిస్తారు. వారిని రెండుసార్లు లెక్కించడమూ తప్పే, అసలు లెక్కించకపోవడమూ తప్పే. వారు ఎందరో సరిగా తెలుసుకొన్ననాడు సమితుల పాఠం విద్యార్థులకే కాదు, మనకూ వచ్చినట్లే.