వదులు పట్టీ, తప్పు అంకె

టాయిలెట్ పేపర్ చుట్టకు ఫిట్‌నెస్ బ్యాండ్ కడితే, దానికీ గుండె కొట్టుకుంటోందని తెరమీద అంకె పడింది. 2019లో చైనాలో కలకలం రేపిన ఈ ప్రయోగం మన వాట్సాప్‌లలో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. దాని కింద ఎప్పుడూ ఒకటే తీర్పు: ఈ బ్యాండ్లన్నీ మోసం, అవి చూపేవన్నీ నోటికొచ్చిన అంకెలు. ఈ తీర్పు తప్పు. దీన్ని నమ్మినవాళ్లు పనికొచ్చే వస్తువును సొరుగులో పడేస్తున్నారు. కొందరేమో ఇంకా ఖరీదైనది కొంటే సరిపోతుందని డబ్బు పోస్తున్నారు. పట్టీ ఎలా కట్టుకున్నామో, అంకెను ఎప్పుడు చూశామో ఇద్దరూ పట్టించుకోవడం లేదు.

బ్యాండ్ వెనక వెలిగే ఆకుపచ్చ దీపానికి ఒక పని ఉంది. రక్తం ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ చర్మం కింది సన్నటి నాళాల్లోకి కాస్త ఎక్కువ రక్తం వస్తుంది, వెనక్కి వచ్చే వెలుతురు ఆ మేరకు తగ్గుతుంది. ఆ తగ్గుదలల్నే సెన్సర్ లెక్కపెడుతుంది. అమెరికాలో ఆల్రిక్ హెర్ట్‌జ్‌మన్ 1930లలోనే ఈ పద్ధతిలో నాడిని నమోదు చేశాడు. ఆపరేషన్ గదిలో వేలికి తగిలించే క్లిప్పూ ఈ సూత్రం మీదే నడుస్తుంది. మరి కాగితం చుట్టకు నాడి ఎక్కణ్నుంచి వచ్చింది? తెల్లకాగితం వెలుతురును బాగా వెనక్కి పంపుతుంది కాబట్టి ఎదురుగా చర్మం ఉందని సెన్సర్ పొరబడుతుంది. గదిలో లైట్ల రెపరెపలోనో, చిన్న కదలికలోనో ఒక లయను వెతుక్కుని దాన్నే చూపిస్తుంది. చర్మం మీద లేనప్పుడు దాని మాట చెల్లదని ఈ ప్రయోగం రుజువు చేసింది, అంతవరకే.

చర్మం మీద ఉన్నప్పుడు ఎలా పనిచేస్తుందో కొలిచి చూసినవాళ్లున్నారు. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 60 మంది మీద ఏడు రకాల బ్యాండ్లను పరీక్షిస్తే, ఆరింటిలో హార్ట్‌రేట్ తేడా 5 శాతం లోపే వచ్చింది. అదే పరీక్షలో కేలరీల లెక్క మాత్రం అన్నిటికన్నా మెరుగైన బ్యాండులోనూ సగటున 27 శాతం తప్పింది. ఎక్కువ అనుమానించాల్సింది కేలరీలను, మనవాళ్లు అనుమానిస్తున్నది నాడిని.

‘మన రంగుకు ఇవి పనిచేయవు’ అన్నది ఇంకో ప్రచారం. చామనఛాయ, నలుపు చర్మం ఆకుపచ్చ కాంతిని ఎక్కువ పీల్చుకునే మాట నిజమే. అయినా 2020లో డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లు అన్ని ఛాయల 53 మందిని పరీక్షిస్తే రంగును బట్టి చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తేడా వచ్చింది కదలికతో: విశ్రాంతిగా ఉన్నప్పటికన్నా కదులుతున్నప్పుడు తప్పు సగటున 30 శాతం పెరిగింది. నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ తగ్గినా కనిపెట్టలేకపోయాయని అదే ఏడాది బయటపడింది వేలికి తగిలించే ఆక్సీమీటర్ల గురించి, ఈ రెండింటినీ కలిపేయకూడదు. చర్మంలో నిజంగా అడ్డొచ్చేది పచ్చబొట్టు. సిరా కాంతిని ఆపేస్తుంది. ముంజేతికి పచ్చబొట్టున్న పెద్దవాళ్లు రెండో చేతికి కట్టుకోవాలి.

పొద్దున్నే పార్కులో నడిచేవాళ్ల చేతులు చూడండి. వాచీ గాజులా వేలాడుతూ మణికట్టు ఎముక మీదికి జారి ఉంటుంది, అడుగడుక్కీ ఎగిరి పడుతుంది, పక్కలనుంచి ఆకుపచ్చ వెలుగు బయటికి కారుతుంది. కొందరికి గుడిలో కట్టించుకున్న ఎర్రతాడు సరిగ్గా సెన్సర్ కింద ఇరుక్కుని ఉంటుంది. గాజులున్న చేతికైతే అవి వచ్చి వాచీని నెడుతుంటాయి. ఎంత ఖరీదు పెట్టి కొన్నా ఇలా కట్టుకుంటే ఫలితం ఒకటే. వ్యాయామం మొదలుపెట్టేముందు పట్టీని ఎముకకు రెండు వేళ్ల పైకి జరిపి, చెయ్యి విదిలించినా కదలనంత బిగించాలి, వేళ్లు తిమ్మిరెక్కేంత మాత్రం కాదు. నూనె, సన్‌స్క్రీన్, ఎండిన చెమట తుడవాలి. చలికి చర్మంలోకి రక్తం తగ్గుతుంది కాబట్టి చలికాలం పొద్దున మొదటి పది నిమిషాల అంకెలను పట్టించుకోనక్కర్లేదు.

పరుగెత్తేటప్పుడు ఇంకో చిక్కుంది. నిమిషానికి 160, 170 అడుగులు పడుతుంటే చెయ్యీ అదే లయలో అదురుతుంది, సెన్సర్ ఆ అదురునే నాడి అనుకుంటుంది. తేలిగ్గా మాట్లాడగలిగే వేగంలో వెళ్తున్నా 168 చూపిస్తే, అడుగుల లెక్క పక్కన పెట్టి పోల్చండి. రెండూ ఒకటే అయితే అది మీ కాళ్ల లెక్క. ఆగిన రెండు మూడు సెకన్లలో 168 కాస్తా 115కి పడిపోయినా అంతే, నిజమైన గుండెవేగం అంత గబుక్కున దిగదు. డంబెల్ గట్టిగా పట్టుకున్నప్పుడు, సైకిల్ హ్యాండిల్ మీద మణికట్టు వంచినప్పుడు కూడా లెక్క తప్పుతుంది. అలాంటి వ్యాయామాల్లో కచ్చితమైన అంకె కావాల్సినవాళ్లకు ఛాతీ పట్టీ ఉంది. అది గుండె విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది. క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు 50 మంది మీద పోల్చి చూసినప్పుడు ఈసీజీతో దాదాపు సరిసమానంగా వచ్చింది అదే. కట్టుకునేముందు దాని మెత్తలను నీళ్లతో తడపాలి.

అనుమానమొస్తే తీర్చుకోవడానికి రెండు వేళ్లు చాలు. బొటనవేలి కింద నాడి పట్టుకుని, గడియారం చూస్తూ నిమిషంపాటు లెక్కపెట్టి, తెరమీది అంకెతో పోల్చండి. కూర్చుని ఉన్నప్పుడు రెండూ దగ్గరగా వస్తే బ్యాండ్ బాగానే ఉంది. పట్టీ సరిచేశాకా తేడా పెద్దగానే ఉంటే, లేదా నాడి లయ తప్పుతున్నట్టు వేళ్లకు తెలిస్తే, డాక్టరు దగ్గరికెళ్లి ఈసీజీ తీయించుకోవాలి.

అంకె సరైనదే అయినా దానికి తప్పు అర్థం తీయడం మామూలైపోయింది. 220 లోంచి వయసు తీసేస్తే వచ్చేది సగటు అంచనా మాత్రమే, మనిషికీ మనిషికీ పది పన్నెండు అటూఇటూ ఉండడం మామూలే. బీపీకో గుండెకో మెటోప్రోలాల్, అటెనోలాల్ వాడుతున్నవాళ్ల గుండె ఆ మందువల్లే నెమ్మదిస్తుంది. అలాంటివాళ్లు వాచీలో రంగుల జోన్లు అందుకోవాలని పరుగు పెంచడం ప్రమాదం, ఎంత వేగం తగునో డాక్టరే చెప్పాలి. ‘ఛాతీ బరువుగా ఉంది, కానీ వాచీలో 78 నార్మలే’ అని ఇంట్లోనే పడుకునేవాళ్లకు ఇంకా గట్టిగా చెప్పాలి. గుండెపోటు వస్తున్నప్పుడూ నాడి 78 ఉండొచ్చు. ఈ వాచీలు దాన్ని కనిపెట్టలేవు. వెంటనే 108కి ఫోన్ చేయండి.