బొంతకి బీరువాలో ఏం పని?

మొన్న మా అమ్మాయి హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, "అమ్మా, పాపకి పొట్టి అయిపోయిన బట్టలన్నీ మెమరీ క్విల్ట్ చేయించడానికి ఇచ్చేస్తున్నాను. 7 వేలు అవుతుందట" అంది.

"క్విల్ట్ అంటే?" అన్నాను, తెలియనట్టు.

"అదేనమ్మా, పాత బట్టలు ముక్కలు ముక్కలుగా కత్తిరించి, కలిపి కుట్టి..."

"బొంత అను."

అటుపక్క కాసేపు మాట లేదు. 7 వేలు పోసి బొంత కుట్టించుకున్నామని ఎవరితో చెప్పుకుంటాం? క్విల్ట్ అయితే నలుగురికీ చూపించుకోవచ్చు.

పేరు సంగతి పోనీండి. ఇంగ్లీషు పేరు పెడితే బొంతకి మర్యాద పెరుగుతుందంటే నాకేం అభ్యంతరం లేదు. నా పోట్లాటంతా ఆ తరవాత అది అన్న మాటతోనే. "పాప పాడుచేస్తుందని వాళ్ళే ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇస్తారమ్మా. బీరువాలో దాచి, పెద్దయ్యాక చూపిస్తాం."

విన్నారా! పాప బట్టలతో కుట్టిన బొంతని పాప ముట్టుకోకూడదట!

అసలు మన ఇళ్ళల్లో బొంత ఎందుకు పుట్టింది? ఉతికి ఉతికి మెత్తబడిన నేతచీరని మించిన పక్క పసిబిడ్డకి లేదు గనక. చీర నాలుగు మడతలు వేసి, చిరిగిన చోట పిల్లల గౌనుల ముక్కలు మాసికలు వేసి, దగ్గర దగ్గరగా టాకాలు వేసేవారు. బెంగాలీ ఆడవాళ్ళ కాంథా కూడా పాత చీరల పొరలే. కుట్టే దారం సైతం పాత చీర అంచులోంచి లాగేవారు. బీహారులో పుట్టిన బిడ్డకి సుజనీ కుట్టేవారు. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ స్త్రీలు పాతగుడ్డలు అంచుల నుంచి మధ్యకి కుట్టుకుంటూ కవంది తయారుచేస్తారు. ఇవన్నీ కప్పుకోవడానికో పరుచుకోవడానికో పుట్టినవే.

అంతదూరం అమెరికా సంగతి చూడండి. అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే పల్లెలో మిస్సౌరీ పెట్‌వే అనే నల్లజాతి ఇల్లాలు, భర్త పోతే ఆయన పనిబట్టలతో 1942లో బొంత కుట్టింది. ఆ ఊరి ఆడవాళ్ళ బొంతలు 2002 నుంచి పెద్ద పెద్ద మ్యూజియముల గోడలెక్కాయి. కాని ఆవిడ గోడ కోసం కుట్టలేదు. ఆయన్ని తలుచుకుని కప్పుకోవడానికి కుట్టుకుంది.

నాకీ కోపం ఊరికే రాలేదు లెండి.

మా అమ్మ కుట్టిన బొంత ఒకటుండేది. అందులో ప్రతి ముక్కకీ పేరుంది. అక్క అన్నప్రాశన గౌను, అన్నయ్య బళ్ళో చేరిననాటి చొక్కా, నా పరికిణీ. ఒక మూల లేత నీలం ముక్క, దాని మీద బాతుబొమ్మ. అది "చిన్నాడి ముక్క". నా తరవాత పుట్టి 7 నెలలకే పోయిన తమ్ముడి చొక్కా. వాడికి ఫోటో కూడా లేదు. పక్క వేసేటప్పుడు అమ్మ, "చిన్నాడి ముక్క తలవైపుకి రానీ" అనేది. అంతకుమించి ఏమీ అనేది కాదు. మేం నలుగురం ఆ నీలం ముక్క మీదే తలలు పెట్టుకుని పెరిగాం.

ఆ బొంత నాతో కాపరానికి వచ్చింది. మా అమ్మాయి దాని మీదే బోర్లాపడింది. తరవాత సొంత ఇల్లు కట్టుకున్నాం, వచ్చేపోయే వాళ్ళెక్కువయ్యారు, నాకు బొంతంటే నామోషీ వచ్చింది. పాత బట్టలకి స్టీలు సామాన్లిచ్చే ఆవిడొస్తే జరీచీరతోపాటు దాన్నీ పడేశాను. ఆవిడ చీర తీసుకుని, "బొంతలకి గిన్నెలు రావమ్మా" అని పక్కకి తోసేసింది. ఇంకేం, మావారి స్కూటరు తుడిచే గుడ్డ అయింది.

ఒకసారి అమ్మ వచ్చినప్పుడు చూసింది. "చిన్నాడి ముక్క ఉందా ఇంకా?" అంది. లేదు. "పోనీలే, ఇంతమందిని మోసింది కదా" అని లోపలికెళ్ళింది.

ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అయితే బొంత అరిగిపోయిందని కాదు, అరగడానికే అది పుట్టింది. ఆ ముక్క కథ నేను నా కూతురికి చెప్పలేదు. తనకొక మేనమామ ఉండేవాడని దానికి తెలియదు. ఇవాళ అది డబ్బిచ్చి జ్ఞాపకం కుట్టించుకుంటోందంటే సగం తప్పు నాదే.

ఉద్యోగాలు చేసుకునే పిల్లలకి తీరికెక్కడిదండీ అంటారు మీరు. నిజమే. కాని లెక్క చూడండి. ఆరున్నర అంగుళాల చదరాలు కత్తిరిస్తే, నాలుగువైపులా పావంగుళం కుట్టులో పోయి 6 అంగుళాలు మిగులుతుంది. అడ్డం 6, నిలువు 7, మొత్తం 42 ముక్కలు. ముందొకటి, వెనకొకటి చొప్పున 21 చొక్కాలు చాలు. ఇప్పటి పిల్లల బట్టలు బనియను గుడ్డవి, సాగుతాయి. కత్తిరించే ముందే వెనక పలచటి నూలుగుడ్డ వేసి టాకాలు వేసుకోవాలి. బొత్తాలు తీసెయ్యాలి. అడుగున మీ పాత నేతచీర. వారానికి రెండు ముక్కలు కలిపినా ఏడాదిలోపు అయిపోతుంది. కత్తెర అల్లుడిగారి చేతికివ్వండి, ఆయన బిడ్డ కూడా కదా! చేతకాకపోతే వీధి చివర టైలరు చేత మిషను మీద కుట్టించినా నేనేమీ అనను. ఏ ముక్క పక్కన ఏ ముక్క ఉండాలో మాత్రం మీరే చూసుకోండి. ఏ చొక్కా ఏనాటిదో ఆ టైలరుకేం తెలుసు?

ఇదంతా మా అమ్మాయికి చెప్పాను, చిన్నాడి సంగతితో సహా. చాలాసేపు ఊరుకుంది. వారం తిరిగేసరికి పాప బట్టల సంచీ వచ్చింది. ఒక చొక్కా మీద పసుపు మరక వదల్లేదు, దాన్ని నట్టనడుమ వేస్తున్నాను. బజారుకెళ్ళి లేత నీలం గుడ్డ జానెడు కొన్నాను. బాతుబొమ్మ నేనే కుడతాను. అది తలవైపుకి.

"అమ్మా, అయ్యాక కవర్లో పెట్టి పంపు" అంది మా అమ్మాయి, పాత అలవాటు పోక.

కవరు లేకుండానే పంపుతాను. పాప పాలొలకబోస్తే ఉతుక్కుంటారు.