ఒకే కాలవ నీళ్లు

షేర్లు పడితే బిట్‌కాయిన్ ఆదుకుంటుందట. మొగల్తూరులో రొయ్యల చెరువుల మీద నాలుగు డబ్బులు మిగిలిన కుర్రాళ్లకు కూడా ఈ మాటే ఎక్కిస్తున్నారు: కొంత షేర్లలో, కొంత క్రిప్టోలో పెట్టు, ఒకటి మునిగినా ఒకటి తేలుతుంది. వినడానికి బాగానే ఉంది. జరిగింది వేరు.

2025 ఏప్రిల్ 2న ట్రంప్ మన సరుకు మీద 26 శాతం సుంకం ప్రకటించాడు. అప్పటికి మన రొయ్యకు పెద్ద బేరం అమెరికాయే. రోజుల్లోనే ఇక్కడ కౌంటు ధరలు కోసేశారు. రొయ్యల వ్యాపారంలో ఉన్న అవంతి ఫీడ్స్, అపెక్స్ ఫ్రోజెన్ కంపెనీల షేర్లు పడ్డాయి. 7న సెన్సెక్స్ 2,226 పాయింట్లు దిగింది. అదే రోజు బిట్‌కాయిన్ 75 వేల డాలర్ల కిందికి జారింది. 9న చైనా మినహా మిగతా దేశాలకు సుంకాలు వాయిదా అనగానే అమెరికా షేర్లూ బిట్‌కాయినూ కలిసే లేచాయి. రొయ్యలు, షేర్లు, బిట్‌కాయిన్ మూడూ వేరు వేరు చెరువులే కావచ్చు, నీళ్లు తోడుకునేది ఒకే కాలవలోంచి.

ఇదేదో ఒక్కసారి వింత కాదు. 2020 మార్చి 12న అమెరికాలో ఎస్ అండ్ పీ సూచీ తొమ్మిదిన్నర శాతం పడితే, బిట్‌కాయిన్ మూడో వంతుకు పైగా పోయింది. వడ్డీలు పెరిగిన 2022లో నాస్‌డాక్ మూడో వంతు తరిగింది, బిట్‌కాయిన్ 60 శాతం దాటి. అప్పు చవకైనప్పుడు రెండూ కొనేది ఒకే చేతులు మరి. షేర్లలో మార్జిన్ కట్టమంటే క్రిప్టో అమ్మి కడతారు. అది శని, ఆదివారాలూ అమ్ముడుపోతుంది. 2024 జనవరిలో అమెరికా స్పాట్ బిట్‌కాయిన్ ఈటీఎఫ్‌లకు అనుమతిచ్చాక బిట్‌కాయిన్ షేర్ల ఖాతాలోకే వచ్చి కూర్చుంది.

షేర్లకూ బిట్‌కాయిన్‌కూ ఒకప్పుడు పొంతన లేదంటారు. నిజమే. 2017–19లో రెండింటి సంబంధం దాదాపు సున్నా అని ఐఎంఎఫ్ లెక్క. అదే లెక్కలో 2020–21కి 0.36 అయింది. ఆ పాత సున్నానే ఇప్పటికీ అమ్ముతున్నారు.

విడిపోయిన రోజులూ లేకపోలేదు, అయితే ఎటు విడిపోయాయో చూడాలి. 2022 నవంబరు 10న నాస్‌డాక్ ఏడు శాతం ఎగిరింది. మర్నాడు క్రిప్టో ఎక్స్ఛేంజీ ఎఫ్‌టీఎక్స్ దివాలా తీసింది. 2024 జులై 18న సెన్సెక్స్ తొలిసారి 81 వేలు దాటింది. ఆ రోజే మన దేశపు క్రిప్టో ఎక్స్ఛేంజీ వజీర్‌ఎక్స్‌లో 23 కోట్ల డాలర్లు దొంగలపాలయ్యాయి. షేర్ల జబ్బు క్రిప్టోకు అంటుతోంది. క్రిప్టోకు సొంత జబ్బులు అదనం.

పందెమనుకుని ఆడేవాడి జోలికి నేను పోను. రక్షణ అని అమ్మేవాళ్లతోనే పేచీ. వాళ్లు పన్ను సంగతి కూడా చెప్పరు. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం కట్టాలి. నష్టమొస్తే షేర్ల లాభంలో గానీ, ఇంకో నాణెం లాభంలో గానీ దాన్ని తీసేసుకునే వీలు లేదు.